సదస్సులో చదివి వదిలేసిన పేపరు

చిన్నపిల్లల పళ్ల వైద్యం నా పని. వరంగల్‌లో ఒక డెంటల్ కాలేజీలో చేరాను, అక్కడే రిటైరయ్యాను. కొత్తగా పీజీలో చేరిన పిల్లలు ఇప్పటికీ హనుమకొండలో మా ఇంటికి వచ్చి, "మేడం, ఏడ్చే పిల్లను కుర్చీల ఎట్ల కూసోబెట్టాలె?" అని అడుగుతుంటారు. అది రోజూ కుర్చీ పక్కన నిలబడితే దానంతటదే వస్తుంది. ఎవరూ అడగని సంగతి ఇంకొకటుంది. సదస్సుల్లో మనం చదివే పేపర్లు ఆ తర్వాత ఏమవుతాయి? నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అక్కడే జరిగింది కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

తెలియనివారి కోసం ముందు కొన్ని మాటలు. పీజీ విద్యార్థి చదువు అయ్యేలోపు ఒక పరిశోధన చేయాలి. అది సగంలో ఉండగానే ఏదో ఒక ఊళ్లో సదస్సు వస్తుంది. వేదిక మీద ఎనిమిది నిమిషాలు మాట్లాడతారు. మాట్లాడినదాని సారాంశం ఒక పేరా సదస్సు పుస్తకంలో అచ్చవుతుంది. ఆ తర్వాత పరిశోధన పూర్తిచేసి, ఎలా చేశామో, ఎక్కడ పొరబడ్డామో, చివరికి ఏం తేలిందో అంతా రాసి జర్నల్‌కు పంపాలి. అక్కడ మన ముఖం కూడా తెలియని ఇద్దరు ముగ్గురు చదివి తప్పులు పడతారు. వాళ్ల పరీక్షకు నిలబడితే అచ్చు వేస్తారు. ఈ రెండో సగం చాలాసార్లు జరగదు. వేదిక దిగగానే పని అయిపోయిందనుకుంటాం.

పెద్దసారు

నేను చేరినప్పుడు మా విభాగానికి పెద్దగా ఉన్నాయనను అందరం పెద్దసారు అనేవాళ్లం. చెయ్యి మంచిది. పిల్లవాడికి తెలియకుండా పన్ను తీసేవాడు. సూదిని చేతిచాటున ఎలా తేవాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సదస్సు మాత్రం ఆయనకు జాతర లాంటిది. ఎంతమంది పోతున్నారు, ఎన్ని పేపర్లు అన్నదే లెక్క. తిరిగొచ్చాక వరుసగా నిలబెట్టి అడిగేవాడు.

"అందరు చదివిన్రా?"

"చదివినం సార్."

"సర్టిఫికెట్లు వచ్చినయా? అయితే ఐపోయింది. పోయి పేషెంట్లను చూడుండ్రి."

ఒకసారి ధైర్యం చేసి, నా పేపరును పూర్తిగా రాసి జర్నల్‌కు పంపుతానన్నాను. ఆయన కోప్పడలేదు. "రాస్తే మంచిదే బిడ్డా, టైమెక్కడిది? అవుతల ఓపీల పిల్లలు ఏడుస్తాన్రు" అన్నాడు. నిజంగానే ఏడుస్తున్నారు. నేను ఓపీకి వెళ్లిపోయాను. ఆ పేపరు ఈరోజుకీ రాయలేదు.

ఆ రోజుల్లోనే నాతో పనిచేసినతను ఒకడు ఒకే పేపరును నాలుగు ఊళ్లలో నాలుగు పేర్లతో చదివాడు. నాలుగోసారి వెనక వరుస నుంచి ఎవరో లేచి, "పోయినసారి ఈ పిల్లలంత హనుమకొండ బడి పిల్లలన్నరు, ఇయ్యాల కరీంనగరమంటాన్రు. పిల్లలు ఊరు మారిన్రా సార్?" అని అడిగారు. హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు. పూర్తిగా రాయాల్సి వచ్చివుంటే ఏ పిల్లలో, ఏ బడో, ఎన్నిసార్లు చూశాడో అన్నీ కాగితం మీద పెట్టాల్సి వచ్చేది. వేదిక మీద ఆ అవసరం ఉండదు. ఎనిమిది నిమిషాల్లో గంట కొడతారు.

ఎందుకు రాయలేదని ఎవరిని అడిగినా, "జర్నల్ వాళ్లు తిప్పి పంపిన్రు" అంటారు. గుచ్చి అడిగితే అసలు పంపలేదని తేలుతుంది. విద్యార్థికి డిగ్రీ చేతికొచ్చింది. పరిశోధన చేయించిన గైడుకు కొత్త బ్యాచ్ వచ్చింది. పేపరు మీద ఎవరి పేరు ముందుండాలని ఇద్దరు పెద్దవాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. ఇవన్నీ సోమరితనం కిందికి వస్తాయి, క్షమించవచ్చు. ఫలితం బాగా రానప్పుడు చెయ్యి కదలదే, అది వేరు. ఆ బాపతులో నేనూ ఉన్నాను.

శిరీష పేపరు

శిరీష నర్సంపేట పక్క పల్లె నుంచి వచ్చింది. రైతుల ఇంటి పిల్ల. తక్కువ మాట్లాడేది, రిజిస్టరు మాత్రం తప్పు లేకుండా రాసేది. పాలపన్ను నరం దాకా పుచ్చిపోతే, పై నరం తీసేసి మిగిలిన దాని మీద ఒక మందు పెట్టి మూసేస్తాం. అసలు పన్ను వచ్చేదాకా పాలపన్నును కాపాడుకోవడానికి అదొక పద్ధతి. ఆ మందు స్థానంలో ఒక మూలికతో చేసిన ముద్ద వాడి చూద్దామన్నది ఆమె పరిశోధన. గైడును నేను, ఆలోచనా నాదే. మూలిక పేరు ఇక్కడ రాయను.

ఖిలా వరంగల్ వైపు ఒక బడి పిల్లలను తీసుకున్నాం. తల్లిదండ్రులతో మాట్లాడి, ఒప్పుకున్నవారికే చేశాం. మూడు నెలలకు చూస్తే అన్ని పళ్లూ బాగున్నాయి. నొప్పి లేదు, వాపు లేదు. అప్పుడే సదస్సు వచ్చింది. సారాంశం శిరీష రాసింది. చివరి వాక్యంలో "ఇంకా పరిశీలించాలి" అని పెట్టింది. నేను దాన్ని కొట్టేసి "పిల్లల పళ్లకు వాడదగినది" అని రాశాను. వాక్యం గట్టిగా ఉంటేనే వినేవాళ్లకు నచ్చుతుందని నా అనుభవం. నచ్చింది. బహుమతి వచ్చింది. ఫోటో దిగాం.

ఆరు నెలలప్పుడు ఆమె నా గదికి వచ్చింది.

"మేడం, ఈ ఎక్స్‌రేలు జర చూడుండ్రి."

చూశాను. పళ్ల వేర్ల దగ్గర ఎముక కరుగుతోంది. ఒకటి రెండు కాదు.

"ఏడాదికి ఎట్లుంటదో చూడు" అన్నాను.

ఏడాదికి ఇంకా పాడయ్యాయి. సగానికి పైగా పిల్లలకు చిగురు మీద చీము పొక్కులు వచ్చాయి. వాళ్లందరికీ మేం మళ్లీ వైద్యం చేశాం, ఆ విషయంలో లోటు చేయలేదు. శిరీష ఉన్నదున్నట్టు థీసిస్‌లో రాసింది. థీసిస్ లైబ్రరీ అల్మారాలోకి వెళ్లింది.

"మేడం, ఇది జర్నల్‌కు పంపుదామా? మనం అక్కడ మంచిగున్నదని చెప్పినం కద" అని అడిగింది.

"ఎగ్జామ్ కానీ, చూద్దాం" అన్నాను.

ఎగ్జామ్ అయింది. ఆమె వెళ్లిపోయింది. నేను చూడలేదు.

డోర్నకల్ నుంచి వచ్చిన పాప

రెండేళ్లు దాటాక ఒక సోమవారం ఓపీకి ఒక కుర్ర డాక్టరు ఒక పాపను ఎత్తుకుని వచ్చాడు. వెనక పాప నాయనమ్మ. పాపకు ఏడేళ్లు, పేరు కెజియ. దవడ కింద గొంతుదాకా ఉబ్బి ఎర్రగా, గట్టిగా ఉంది. ఒళ్లు కాలిపోతోంది.

"నిన్న పొద్దుగాల లేచేసరికి గిట్లుందమ్మా. నోరు తెరుస్తలేదు, నీళ్లు గూడ మింగుతలేదు. తల్లి బాలింత, నేనే పట్టుకొచ్చిన. జర సూడమ్మా" అంది నాయనమ్మ. ఆమె పేరు రూతమ్మ. డోర్నకల్ దగ్గర మిరప చేలల్లో కూలికి పోతుంది.

అలాంటి వాపును మా కుర్చీలో చూడకూడదు. గొంతు మూసుకుపోతుంది. వెంటనే పెద్ద దవాఖానకు ఫోన్ చేసి సర్జన్లను సిద్ధంగా ఉండమన్నాను. ఆటోలో నేనూ ఎక్కాను. దారిలో కుర్ర డాక్టరు తన పేరు ఆనంద్ అని, డోర్నకల్‌లో చిన్న క్లినిక్ పెట్టుకున్నానని చెప్పాడు.

"తప్పు నాదే మేడం. ఈ పాపకు పాలపన్నుకు మందు పెట్టిన."

"ఏం మందు?"

చెప్పాడు. మా మూలిక పేరే.

"అది నీకెవరు చెప్పిన్రు?"

"మీ పేపరే మేడం. నేనప్పుడు స్టూడెంట్‌ను. కాన్ఫరెన్స్‌ల ముందు వరుసల కూసొని రాసుకున్న. పుస్తకంల గూడ ఉన్నది." ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్న పేజీ చూపించాడు. శిరీష పేరు, కింద నా పేరు, చివర నేను మార్చిన వాక్యం.

"తర్వాత ఏమైందో వెతకలేదా?"

"ఎందుకు వెతకలే మేడం? చాన వెతికిన. ఎక్కడ రాలే. రాలేదంటే అంత మంచిగనే ఉన్నదనుకున్న."

ఆటో పెద్ద దవాఖాన గేటులోకి తిరిగింది.

సర్జన్లు దవడ కింద గాటు పెట్టి చీము తీశారు, ఆ పన్నూ తీసేశారు. మొదటి రెండు రోజులు ఊపిరికి అడ్డుపడుతుందేమోనని వాళ్లకు భయం ఉండింది. మూడో రోజు పాప పాలు తాగింది. ఆ రోజు వార్డు బయట బల్ల మీద రూతమ్మ పక్కన కూర్చుని సంగతి చెప్పాను. మొదటి రోజే చెప్పవలసింది. ఆనంద్ తన మీద వేసుకుంటుంటే రెండు రోజులు ఊరుకున్నాను. అదీ రాయాల్సిందే.

"రూతమ్మా, ఆ మందు మా దగ్గర మొదలైందే. అది పనిచేయదని మాకు తర్వాత తెలిసింది. బయట చెప్పలే."

"తెలిసెనా?"

"తెలిసింది. రెండేండ్లు దాటింది."

"మల్ల చెప్పకపోతిరి?"

"రాద్దామనుకున్నం. రాయలే."

"సదువుకున్నోళ్లు గదనమ్మా. మీకు రాసుడెంతసేపు?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. కారిడార్ చివర నిలబడ్డ ఆనంద్ వైపు చూపించి, "ఆ పిలగాన్ని తిట్టకుండ్రి. పొద్దుగాల సంది ఏం తినలే" అంది.

రాయడం

శిరీష అప్పటికి జనగామలో సొంత క్లినిక్ నడుపుతోంది. ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"నేనప్పుడే అడిగిన కద మేడం."

"అడిగినవ్."

"ఎగ్జామ్ అయినంక గూడ రెండుసార్లు ఫోన్ చేసిన. మీటింగుల ఉన్న అన్నరు."

ఆ రెండు ఫోన్లు నాకు గుర్తులేవు. ఆమెకున్నాయి. "ఎక్స్‌రేలు, రిజిస్టర్ అన్నీ ఉన్నయి. పట్టుకొస్త" అని పెట్టేసింది. ఆదివారం రెండు సంచులతో దిగింది.

ప్రిన్సిపాల్‌కు చెబితే ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "రిటైర్మెంట్ ముందట మీకివన్నీ అవసరమా మేడం? ప్రైజ్ వచ్చిన పేపరు. అది తప్పని మనమే రాసుకుంటే కాలేజీ పేరేం కావాలె? అయినా థీసిస్‌ల ఉన్నది కద, చూసుకునేటోళ్లు చూసుకుంటరు."

"డోర్నకల్‌ల ప్రాక్టీస్ చేసుకునే పిలగాడు మన లైబ్రరీ అల్మారా వచ్చి తెరుస్తడా సార్?"

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "నేను ఆపను. మెచ్చుకోను గూడ. పంపుకోండి" అన్నాడు. ఆయన చెడ్డవాడని అనను. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తనిఖీకి వచ్చేవాళ్లే కనిపిస్తారు, డోర్నకల్ కనిపించదు. కుర్చీ లేకుండానే నాకూ కనిపించలేదు.

ఈలోగా ఆనంద్ తన రిజిస్టరు తీసి, ఆ మందు పెట్టిన ప్రతి పిల్ల ఇంటికీ బండి మీద తిరిగాడు. నేనూ శిరీషా రెండు ఆదివారాలు డోర్నకల్ వెళ్లాం. ఆ ఊరు నాకు కొత్త కాదు, మా నాన్న అక్కడ రైల్వేలో పనిచేశాడు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు చర్చి వరండాలో బల్లలు వేయించారు. పిల్లలు వరుసగా వచ్చారు. టార్చి, అద్దం పట్టుకుని చూసుకుంటూ పోయాం. కొందరికి బాగానే ఉంది. అది కూడా రాసుకున్నాం. చాలామందికి చిగురు మీద చీము పొక్కు ఉంది. నొప్పి లేదు కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియదు.

ఒక తండ్రి తన కొడుకు భుజం పట్టుకుని ముందుకు రానివ్వలేదు. "మా పిల్లలు ఏమన్న కప్పలా, కోసి చూసి రాసుకునేందుకు?" అన్నాడు గట్టిగా. ఆనంద్ తల వంచుకున్నాడు.

"కాదు. తప్పు మాది. పాడైనవి చూసి బాగుచేసేందుకు వచ్చినం. రాసేది ఇంకో ఊళ్లె ఎవరు ఈ పని చేయొద్దని" అన్నాను.

"ముందుగాల రాయాలె అది" అని కొడుకును తీసుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఆదివారం తానే తీసుకొచ్చాడు. పిల్లవాడికి రెండు పళ్లు తీయాల్సి వచ్చింది. తీస్తున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడి నా చేతులే చూశాడు.

పేపరు రాయడానికి మూడు వారాలు పట్టింది. అచ్చు కావడానికి ఏడాది పైన పట్టింది. మొదటి జర్నల్ వెంటనే తిప్పి పంపింది, కొత్తదనం లేదట. పనిచేయని మందు పనిచేయదని చెప్పడంలో వాళ్లకు కొత్తదనం కనిపించలేదు. రెండోది నెలల తరబడి ఉంచుకుని వద్దంది. మూడోచోట ఒక పరీక్షకుడు, ఈ ఫలితాలు ఇంత కాలం ఎందుకు బయటపెట్టలేదని అడిగాడు.

"ఏం రాద్దాం మేడం?" అంది శిరీష.

"గైడు అశ్రద్ధ చేసింది" అని రాయించాను. సంపాదకుడు ఆ మాట తీసి "ఆలస్యం జరిగింది" అని మార్చమన్నాడు. పేపరు మళ్లీ ఆగిపోతుందేమోనని ఒప్పుకున్నాను. అచ్చులో ఇప్పుడు ఆలస్యమనే ఉంది. నిజం అశ్రద్ధ. ఇక్కడ రాసుకుంటున్నాను.

అచ్చయిన రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నోటీసు బోర్డు మీద కూడా పెట్టలేదు. కొన్ని నెలలకు వేరే రాష్ట్రం నుంచి ఒక పీజీ అమ్మాయి శిరీషకు మెయిల్ రాసింది. అదే మూలికతో థీసిస్ మొదలుపెట్టబోయాం, మీది చదివి మా సార్ అంశం మార్చారు, అని. రెండు వాక్యాలు. శిరీష దాన్ని నాకు పంపింది.

కొత్తగా చేరేవాళ్లకు

సదస్సులకు వెళ్లొద్దని చెప్పను. వెళ్లండి. వేదిక మీద వణకడం, ఎవరో అడిగిన ప్రశ్నకు నోరు ఎండిపోవడం మంచివే. కానీ మీరు అక్కడ చెప్పిన మాటను ఎవరో ముందు వరుసలో కూర్చుని రాసుకుంటున్నారు. సోమవారం పొద్దున ఆ మాటను ఒక పిల్ల నోట్లో పెడతారు. పరిశోధన సగంలో ఉంటే సగంలో ఉందని సారాంశంలోనే రాయండి. గైడు ఆ వాక్యం కొట్టేస్తే మళ్లీ పెట్టమని అడగండి. బాగా రాని ఫలితమైతే ముందు అదే రాయండి. బాగా వచ్చినదాన్ని ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. గైడు ఫోన్ ఎత్తకపోతే మూడోసారి చేయండి. శిరీష రెండుసార్లకే ఆగిపోయిందని నేను తప్పుపట్టను. మూడోసారి చేయాల్సిన అవసరం తెచ్చిపెట్టడం నా తప్పు.

గైడులైనవాళ్లకు చెప్పేది తక్కువ. వాళ్లకు తెలుసు.

కెజియ మళ్లీ

రిటైరయ్యాక నెలకోసారి ఆనంద్ క్లినిక్‌కు వెళ్లి పిల్లలను చూస్తుంటాను. పోయిన ఏడాది రూతమ్మ కెజియను తీసుకొచ్చింది. పొడుగైంది. రెండు జడలు. దవడ కింద గాటు మచ్చ దాదాపు కలిసిపోయింది. తీసేసిన పాలపన్ను చోట అసలు పన్ను వచ్చింది. దాని మీద గోధుమరంగు గుంట ఉంది, పెళుసుగా ఉంది.

కెజియ చేతి అద్దంలో చూసుకుంది. "గిదొక్కటే ఎందుకు గిట్లున్నది డాక్టరమ్మా?"

రూతమ్మ నావైపు చూసింది. ఆనంద్ చేతిలో పని ఆపాడు.

"చిన్నప్పుడు నీ పాలపన్నుకు పెట్టిన మందు పనిచేయలే. లోపట చీము పట్టింది. కింద తయారైతున్న ఈ పన్నుకు అది తగిలింది. ఆ మందు పనిచేయదని నాకు ముందే తెలుసు. టైముకు చెప్పలే" అన్నాను.

పాప అద్దంలో ఆ పన్నును ఇంకోసారి చూసుకుంది.

"మల్ల ఇప్పుడు అందరికి తెల్సా?"

"రాసినం. వెతికినోళ్లకు దొరుకుతది."

"వెతకనోళ్లకో?"

"వాళ్లకు తెల్వదు" అన్నాను. కెజియ అద్దం పక్కన పెట్టి నోరు తెరిచింది. పెళుసుగా ఉన్న భాగం తీసేసి, పన్ను రంగు సిమెంటు నింపి నునుపు చేశాను. అరగంట పట్టింది.